లక్ష్మణమ్మ దాచిన చుట్టలు

మా ఆడపడుచు లక్ష్మణమ్మ పదహారేళ్ళు ఆపరేషన్ థియేటర్లో ఆయాగా పని చేసింది. శ్రీకాకుళానికీ విజయనగరానికీ మధ్య హైవే పక్కన ఉన్న ఆసుపత్రి అది. డాక్టరు చదువు చదివేవాళ్ళు కూడా అక్కడే ఉంటారు. దాని పేరు రాయను, మా ఊరివాళ్ళు ఇంకా అక్కడ పని చేస్తున్నారు. ఆవిడ పోయి ఏడు నెలలైంది. థియేటర్లోంచి ఆవిణ్ణి ఎందుకు తీసేశారో ఊళ్ళో తలో రకంగా చెప్పుకుంటున్నారు. దొంగతనమని కూడా ఒకరన్నారు. జరిగింది కొంత ఆవిడ నోటితో విన్నాను, కొంత నేనే చూశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మాది పొందూరు దగ్గర ఊరు. నేను కాపురానికి వచ్చేసరికే వదిన మా ఇంట్లో ఉంది. మొగుడు పచ్చకామెర్లతో పోయాడు, పిల్లల్లేరు, తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. ఊడ్పులకీ మినపచేలకీ కూలికి వెళ్ళేది. తరవాత కంట్రాక్టరు మనుషుల ద్వారా ఆసుపత్రిలో ఊడ్చే పని దొరికింది. ఒకరోజు థియేటర్లో ఒక ముసలామె నడుముకి సూది వేయించుకోనని మంచం దిగి పారిపోబోతే, బయట చీపురు పట్టుకుని ఉన్న వదిన లోపలికి వెళ్ళి ఆమె భుజాలు పట్టుకుంది. 'రొయ్యలాగ వంగవే అప్పా, నాను పట్టుకున్నాను' అందట. ముసలామె వంగింది. మత్తు డాక్టరు కూర్మనాథం గారు ఆ పూట నుంచి ఆవిణ్ణి లోపలే ఉంచమన్నారు.

ఆవిడ పని ఏమిటంటే, వార్డు నుంచి మనిషిని బండి మీద తీసుకురావడం, పచ్చగౌను తొడగడం, మత్తు ఇచ్చేదాకా చెయ్యి పట్టుకుని ఉండడం, అయ్యాక తెలివి వచ్చేదాకా పక్కన కూర్చోవడం. వినడానికి పెద్ద పనిలా ఉండదు. కానీ ఊళ్ళో పేరంటానికి ఆవిణ్ణి ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. పెళ్ళివారు బయలుదేరుతుంటే ఎదురు రాకుండా తనే లోపలికి వెళ్ళిపోయేది. థియేటర్లో మాత్రం మనిషి కళ్ళు మూసుకునే ముందు చూసేది ఆవిడ మొహమే. 'నా మొకం సూసి ఎల్లినోళ్ళు అందరూ తిరిగొచ్చినారే నీలేణీ' అనేది నాతో. ఆ మాట అన్నరోజున రెండు ముద్దలు ఎక్కువ తినేది. ఆ పని పోతే ఆవిడకు ఇంకేమీ లేదని నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు.

ఇక చుట్ట సంగతి చెప్పాలి. మా వైపు ఆడవాళ్ళలో నడివయసు దాటినవాళ్ళు చాలామంది అడ్డపొగ తాగుతారు. చుట్ట అంటించి, కాలే కొన నోట్లోకి తిప్పి పెట్టుకుని పీలుస్తారు. నిప్పు బయటికి కనబడదు, బూడిద చీరమీద పడదు, నారు ఊడుస్తూ కూడా తాగొచ్చు. వదిన రోజుకు ఆరు తాగేది. మా ఆయన విసుక్కునేవారు.

'అక్కా, అది నోరా, పొయ్యా?'

'పొయ్యేరా. నీకు ఇన్నాళ్ళూ బువ్వెట్టిన పొయ్యి' అనేది.

ఆపరేషన్‌కి ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు అని చెబుతారు కదా. మా ఆడవాళ్ళు దాన్ని కార్తీక సోమవారం లెక్కలో పెట్టుకుంటారు. సోమవారం ఉపవాసానికి అన్నం ఉండదు, చుట్ట ఉంటుంది. ఆకలి తెలియకుండా మామూలు కంటే రెండు ఎక్కువే కాలుస్తారు. ఆసుపత్రిలోనూ అదే చేసేవాళ్ళు. తెల్లవారుజామున వదిన కొంగు పట్టుకుని, 'అప్పా, నోరు పిడసకట్టుకుపోతన్నాది, ఒక్కటి లాగీసి వత్తాను, సోటు సూపించవే' అనేవాళ్ళు. గుడ్డలు ఉతికే గది వెనుక రేకుల చాటు ఉంది. అక్కడికి తీసుకెళ్ళేది. గౌను తొడిగేటప్పుడు వాళ్ళ చుట్టలకట్ట తనే తీసుకుని, గాయాలకి కట్టే గాజుగుడ్డ పీలికతో కట్టి, మంచం నంబరు గుర్తుపెట్టుకుని ఒక బిస్కెట్ల డబ్బాలో దాచేది. తెలివి వచ్చిన రెండో రోజున ఎవరిది వాళ్ళకి ఇచ్చేది. మందుల దుకాణం చీటీల కంటే ఆ డబ్బా లెక్క పక్కాగా ఉండేదని నవ్వేది. అందులో తప్పుందని ఆవిడకు తోచలేదు. నిప్పు ఆసుపత్రిలో కూడదని తెలుసు, అందుకే చాటుకి తీసుకెళ్ళేది.

రెండేళ్ళ క్రితం యమున అనే డాక్టరమ్మ వచ్చింది. గుంటూరు వైపు అమ్మాయి, మత్తు డాక్టరు చదువు. ఆ చదువులో ఒక పరిశోధన చేసి రాయాలట. ఆపరేషన్ అయ్యాక వచ్చే వాంతుల మీద ఆమె చేసింది. పిత్తాశయంలో రాళ్ళు తీయించుకునే ఆడవాళ్ళని తీసుకుని, సగం మందికి ఒక మందు, సగం మందికి ఇంకో మందు మత్తుతోపాటు ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో కవరులో ఉంటుంది. ఇరవైనాలుగు గంటల్లో ఎవరికి ఎన్ని వాంతులయ్యాయో రాయాలి. అందరికీ కాగితం చదివి వినిపించి, ఇష్టమైతేనే వేలిముద్రో సంతకమో తీసుకునేది. ఆమె పుస్తకంలోంచి చదివినట్టు చెప్పేది, వాళ్ళకి అర్థమయ్యేది కాదు. వదిన మళ్ళీ చెప్పేది.

'నీకు ఏ మందిత్తారో ఆ డాక్టరమ్మకీ తెల్దు, నీకూ తెల్దు. నచ్చకపోతే ఒద్దని సెప్పీ, మామూలుగానే సేత్తారు. నచ్చితే, నువ్వు కక్కేవా నేదా అన్నది మటుకు నిజం సెప్పాల. పరువు తక్కువ అనుకోకు.'

పక్కన కూర్చునేది వదినే కాబట్టి రాయడం కూడా ఆవిడ మీదే పడింది. ఆవిడకు అంకెలు వచ్చు, అక్షరాలు అంతంతమాత్రం. అందుకని తనే ఒక పద్ధతి పెట్టుకుంది. ఒట్టి వికారమైతే చుక్క, ఉత్తినే డోకితే గీత, వాంతి అయితే సున్నా, పక్కన టైము. యమునమ్మ ఆ పద్ధతినే తన కాగితాల్లోకి ఎక్కించుకుంది. 'మీ సున్నాలే నా థీసిస్ లక్ష్మణమ్మా' అనేదట. వదిన ఇంటికి వచ్చి ఆ మాట మాకు చెప్పి, థీసిస్ అంటే ఏమిటని మా ఆయన్ని అడిగింది. ఆయనకీ తెలియదు.

అరవైమంది అయ్యేసరికి యమునమ్మ సంతోషంగా ఉంది. పుస్తకాల్లో రాసినదానికంటే ఇక్కడి ఆడవాళ్ళకి వాంతులు సగానికి సగం తక్కువగా ఉన్నాయట. రెండు మందులూ బాగా పని చేస్తున్నాయని కూర్మనాథం గారికి చూపించింది, ఆయనా మెచ్చుకున్నారు. వదినకి మాత్రం ఇంకోటి కనబడుతూనే ఉంది. చుట్ట తాగేవాళ్ళు పెద్దగా కక్కుకోరు. తాగనివాళ్ళే బేసిను వదలరు. ఆ సంగతి చెబితే డబ్బా సంగతి కూడా చెప్పాలి కదా అని మాట్లాడలేదు.

అరవైమూడో మనిషి దేముడమ్మ. కళింగపట్నం పక్క ఊరు, యాభైకి దగ్గరగా ఉంటుంది. ఆ రోజు తెల్లవారుజామున రేకుల చాటుకి తీసుకెళ్ళమని అడిగితే వదిన తీసుకెళ్ళింది. చుట్ట కూడా వదినే అంటించి ఇచ్చింది. ఒకటి అయ్యాక ఇంకోటి కూడా కాల్చింది. తొమ్మిదింటికి థియేటర్లో పడుకోబెట్టారు. వదిన చెయ్యి పట్టుకుంది. మత్తు ఎక్కింది. యమునమ్మ గొంతులోకి గొట్టం వెయ్యగానే దేముడమ్మకి దగ్గు తెర వచ్చింది. తరవాత రొమ్ము బిగుసుకుపోయింది, గాలి కొడుతుంటే లోపలికి పోవడం లేదు. అక్కడ ఒక యంత్రం కూత పెడుతూ ఉంటుంది, ఒంట్లో ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఆ కూత బొంగురుపోతుంది. అంకె చూడక్కర్లేదు, చెవికి తెలుస్తుంది. ఆ కూత దిగిపోతూనే ఉందట. దేముడమ్మ గోళ్ళు నేరేడుపండు రంగుకి తిరిగాయి. కూర్మనాథం గారు పక్క థియేటర్లోంచి పరుగున వచ్చి ఏవో సూదులు వేశారు, గొట్టంలోకి మందు కొట్టారు. నాలుగైదు నిమిషాలకి కూత మళ్ళీ పైకి లేచింది. ఆపరేషన్ ఆపేసి ఆమెను ఐసీయూలో పెట్టారు.

కూర్మనాథం గారు అందరి ముందూ యమునమ్మని అడిగారు. 'ముందురోజు ఊపిరితిత్తులు విన్నావా? దగ్గు ఉందా అని అడిగావా? ఉబ్బసం? పొగ?'

'ఆడమనిషి కదా సార్' అంది యమునమ్మ.

ఆయన కేసు కాగితం తిరగేసి చూశారు. పరిశోధన మందు ఇచ్చిన పది నిమిషాల్లోనే ఇలా అయింది కాబట్టి అనుమానం దాని మీదికి పోయింది. పరిశోధనలని చూసే కమిటీకి రాయాలనీ, అది తేలేదాకా కొత్తవాళ్ళని చేర్చుకోవద్దనీ చెప్పారు. వదిన మూల నిలబడి అంతా విన్నది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చుంది. చుట్ట ముట్టించలేదు. నేను టీ ఇస్తే పక్కన పెట్టింది. ఒంట్లో బాగాలేదా అని అడిగితే అప్పుడు మొత్తం చెప్పింది. డబ్బా సంగతి నేను అదే మొదటిసారి వినడం.

'బతికింది కదా వదినా' అన్నాను.

'బతికినాది. రేపు తెలివొత్తాదంతన్నారు.'

'మరింకేటి. ఊరుకో. నువ్వు సెప్తే నిన్ను ఉంచుతారేటి అక్కడ?'

ఆవిడ నా మొహం చూసింది. నేను ఆవిడ మేలుకోరే అన్నాను. ఆ పని లేకపోతే ఈవిడ ఇంట్లో ఒక మూల కూర్చుని ఏమైపోతుందో అన్నది ఒక్కటే నా బుర్రలో ఉంది.

మర్నాడు మొదటి బస్సుకి వెళ్ళింది. వార్డులో మరిడమ్మ అని ఒకామె, గర్భసంచి తీయించుకోవడానికి వచ్చింది, ఆ రోజు రెండో కేసు. వదిన కనబడగానే చెయ్యి చాపింది.

'బేగి రా అప్పా, సుట్ట అందక సచ్చిపోతన్నాను.'

'నేదు. ఇయ్యాల సుట్ట నేదు.'

'ఏటేటి? నిన్న ఆ దేముడమ్మకి రెండంటించి ఇచ్చినావంట. నాకొచ్చేసరికి నేదా? ఆలది పెద్దిల్లు, నాది సిన్నిల్లనా?'

'తాగితే మత్తులో ఊపిరాడదే.'

'నువ్వేటి డాక్టరువా? నీ నోరు కంపు కొడతానే ఉన్నాది, నాకు సెప్పొచ్చినావు' అని మరిడమ్మ మొహం తిప్పుకుంది. తరవాత మెల్లగా, 'నా దగ్గర మూడున్నాయిలే. దొడ్డికెల్లినప్పుడు కాల్సుకుంతాను' అంది.

వదిన అక్కణ్ణించి సూటిగా థియేటరు బట్టలు మార్చుకునే గది దగ్గరికి వెళ్ళి నిలబడింది. యమునమ్మ వచ్చింది. రాత్రంతా పడుకోనట్టు ఉందట మొహం.

'డాక్టరమ్మా, దేముడమ్మ సుట్ట తాగుతాది. నిన్న రెండు కాల్సినాది.'

'ఎవరు చెప్పారు?'

'ఒకలు సెప్పడమేటి. నానే అంటించి ఇచ్చినాను.'

యమునమ్మ అక్కడున్న బల్ల మీద కూర్చుండిపోయింది. అడ్డపొగ అంటే ఏమిటో వదిన చెబితే, ముందు నమ్మలేదు. వదిన నోరు తెరిచి అంగిలి చూపించింది, తెల్లగా మచ్చలు కట్టి ఉంటుంది. 'మా తాత పొగాకు రైతు. ఇలా తాగుతారని నేనెప్పుడూ వినలేదు' అంది యమునమ్మ. సంచీలోంచి కాగితాల కట్ట తీసింది. ప్రతి కాగితంలో పొగాకు అని ఒక గడి ఉంది. పొగ తాగేవాళ్ళని ఆ పరిశోధనలో చేర్చుకోకూడదట, ఎందుకంటే వాళ్ళకి వాంతులు తక్కువని ముందే తెలుసు. అరవైమూడు కాగితాల్లోనూ ఆ గడిలో 'లేదు' అని తనే టిక్కు పెట్టేసుకుంది. ఆడవాళ్ళే కదా అని ఒక్కరినీ అడగలేదు.

'ఎంతమంది లక్ష్మణమ్మా?'

'సగం పైనే ఉంతారు.'

'తాగేవాళ్ళకి వాంతులు తక్కువని మీకు ఎప్పుడైనా అనిపించిందా?'

'ఎప్పుడో అనిపించినాది. సెప్పడానికి బయమేసినాది.'

మరిడమ్మ దగ్గర మూడు చుట్టలున్నాయని కూడా వదిన చెబితే, యమునమ్మ ముందు ఆమె ఆపరేషన్ వాయిదా వేయించింది. తరవాత, 'మీ పేరు రాయను. పేషెంట్లే చెప్పారని రాస్తాను' అంది.

'ఆలు నీకు సెప్తారేటి?'

చెప్పలేదు. మధ్యాహ్నానికి దేముడమ్మకి తెలివి వచ్చింది, గొట్టం తీసేశారు. సాయంత్రం యమునమ్మ వెళ్ళి అడిగితే, 'ఓలమ్మ, నానా? సుట్టా? మా ఇంటావంటా నేదు తల్లీ' అందట, బొంగురు గొంతుతో, నల్లటి పెదాలతో. వదిన వెనకాల నుంచి ముందుకి వచ్చింది.

'ఒసే దేముడమ్మా, నీ కట్ట నా డబ్బాలోనే ఉన్నాది. అట్టుకొచ్చి సూపించమంటావేటి?'

'సెప్పీసేవేటే, నీ నోరు పడిపోను' అని, యమునమ్మ వైపు తిరిగి, 'రోజుకి ఎనిమిది తల్లీ. మా కోడలికి సెప్పకు, దాని సుట్టలే కాలుత్తాను' అంది.

అలాగే మిగిలినవాళ్ళకీ ఫోన్లు చేశారు. యమునమ్మ నంబరు కలిపేది, వదిన మాట్లాడేది. నాలుగు రోజులు పట్టింది. 'నాను, థియేటర్ల లచ్చుమమ్మని' అనగానే అవతలివాళ్ళు ముందు తమ కుట్లు సంగతి, కోడళ్ళ సంగతి చెప్పి, తరవాత చుట్టల లెక్క చెప్పేవాళ్ళు. అరవైమూడు మందిలో ముప్ఫై ఎనిమిదిమంది తాగేవాళ్ళే. ఆ కాగితాలన్నీ ఇక పనికిరావు.

ఈ సంగతి కంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు గిరిబాబు చెవిన పడింది. మాకు వరసకి మేనల్లుడు, వదినకి ఆ పని ఇప్పించినవాడు. ఆదివారం మా ఇంటికి వచ్చాడు.

'అత్తా, రేపు కమిటీవోలు పిలుత్తారు. సుట్టలు ఆల్ల దగ్గరే ఉన్నాయి, నాను సూడ్నేదు అని సెప్పీ. డబ్బా పారీ. యమునమ్మ రాయనన్నాది కదా.'

'మరి ఎక్కడ కాల్సినారంటే ఏటి సెప్పాల?'

'తెల్దను.'

'తెల్దంతే ఆ రేకుల సాటు అలగే ఉంతాది. రేపు ఇంకో ఆయమ్మ అట్టుకెల్తాది.'

'ఎల్తే ఎల్లనీ. నీకెందుకే. నీకు థియేటరు గావాలా, ఒద్దా?'

వదిన 'గావాల్రా' అంది. మా ఆయన కూడా గిరిబాబు మాటే మంచిదన్నారు. నేను లోపల కూర తరుగుతున్నాను. నేనూ అదే అనుకున్నాను.

కమిటీ గదిలో ఏం జరిగిందో తరవాత యమునమ్మే నాకు చెప్పింది. కూర్మనాథం గారూ ఇంకో నలుగురూ ఉన్నారు. పేషెంట్లు ఇంతమంది ఉన్నట్టుండి ఆయమ్మకి ఎందుకు చెప్పారని ఒకాయన అడిగారు. యమునమ్మ ఏదో సర్దబోతుంటే వదిన బిస్కెట్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

'నా దగ్గరే దాసుకునీవోరు బాబూ. సోటు సూపించింది నానే. ఉపాసం లాటిదే అనుకున్నాం. మత్తుకి పొగ పడదని మాకెవులూ సెప్పనేదు, మేం అడగనేదు. రేకుల సాటు మూయించీండి.'

కూర్మనాథం గారు ఈ ప్రాంతం మనిషే. డబ్బా మూత తీసి చూసి, 'అడ్డపొగ ఇంకా ఉందా? నా చిన్నప్పుడు చూశాను, పోయిందనుకున్నాను' అన్నారట. తనకి కూడా తట్టనందుకు ఆయన కాసేపు తల పట్టుకున్నారని యమునమ్మ చెప్పింది. పనిలోంచి పూర్తిగా తియ్యొద్దని ఆయనే అడ్డుపడ్డారు. కానీ ఆసుపత్రిలో నిప్పు అంటించిన మనిషిని థియేటర్లో ఉంచడానికి మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. అది న్యాయమే. వదినని ఓపీలో బండ్లు తోసే పనికి మార్చారు.

యమునమ్మ పరిశోధన మళ్ళీ మొదటి మనిషి నుంచి మొదలుపెట్టింది. చదువు ఆరు నెలలు వెనక్కి పోయింది. చుట్ట తాగుతావా అని అడిగితే ఇప్పుడూ అందరూ లేదనే అంటున్నారని వదిన దగ్గరికి వచ్చింది. వదిన చెప్పింది, 'తాగుతావా అని అడక్కు. రోజుకెన్ని అని అడుగు. తాగనిదైతే అదే తిడతాది.' ఇప్పుడు అక్కడ అందరూ అలాగే అడుగుతున్నారట. ఆఖరి చుట్ట ఎప్పుడు కాల్చావని కూడా అడిగి రాస్తున్నారు.

వదిన అడ్డపొగ మానేసిందా అంటే, మానలేదు. నాలుగుకి తగ్గించింది.

ఓపీ నుంచో వార్డు నుంచో తెచ్చిన మనిషిని థియేటరు గుమ్మం దాకా తొయ్యాలి. అక్కడ నేల మీద ఎర్రగీత ఉంటుంది. లోపలి చెప్పులు ఉన్నవాళ్ళే దాటాలి. కొత్త ఆయా అవతల నిలబడి బండి అందుకుంటుంది. నేను ఒకసారి నా కంటి పరీక్షకి వెళ్ళినప్పుడు చూశాను. బండి మీద ఉన్న ముసలామె వదిన చెయ్యి వదలడం లేదు. వదిన ఒక్కో వేలూ విడిపించి, ఆ చెయ్యి తీసి కొత్త అమ్మాయి చేతిలో పెట్టింది. 'గట్టిగా అట్టుకోవే, అలగ కాదు, మణికట్టు కాడ' అంది. తలుపులు మూసుకున్నాక ఖాళీ బండి తిప్పుకుని వచ్చేసింది.

అలా పదకొండు నెలలు చేసింది. భాద్రపదంలో పక్షవాతం వచ్చి నాలుగోరోజున పోయింది. అప్పటికి యమునమ్మ పరీక్షలు అవలేదు, అయినా వచ్చింది. గిరిబాబు దింపుడుకళ్ళం దాకా మోశాడు.

పోవడానికి నెల ముందనుకుంటాను, పొద్దున్నే ఆవిడ తలకి నూనె రాస్తూ అడిగాను.

'వదినా, ఆ రోజు నా మాట ఇనుంటే ఇంకా లోపలే ఉండేదానివి కదా.'

'ఉండీదాన్ని' అంది. 'నువ్వు ఊరుకోమన్నావు గాని, ఊరుకుంతే ఆ మరిడమ్మ కూడా దొడ్లో మూడు కాల్సుకుని లోపలికెల్లిపోయీది. అప్పుడు నాను దాని సెయ్యి ఎలగ అట్టుకుందునే?' అంది.

నేను దువ్వెన అందుకున్నాను. జడ బేగి వెయ్యమంది. బస్సుకి టైమైపోయింది.